మన కాగితాలకు మనమే పేరు రాద్దాం

(మండల కార్యకర్తల శిక్షణ తరగతుల్లో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరులోనే అచ్చువేస్తున్నాం.)



నాకిచ్చిన అంశం 'సంఘం కాగితాలు – వాటి జాబితా'. నిన్నంతా భూమి గురించి, అత్యాచారాల నిరోధక చట్టం గురించి వేడివేడిగా మాట్లాడుకున్నాం. ఈ పూట జాబితా అనేసరికి కొంతమంది ముఖాలు చిన్నబోయినై. పోరాడేవాళ్ళకు ఈ గుమాస్తా పని ఎందుకు అని అడగొచ్చు. అడగాలి కూడా. నేను చెప్పేదొక్కటే. మన భూముల్ని కర్రలతో లాక్కున్నది కొంత, కాగితాలతో లాక్కున్నది చాలా. కాగితంతో పోయినదాన్ని కాగితంతోనే తెచ్చుకోవాలి. ఆ కాగితం మన దగ్గర ఉంటే చాలదు. ఏ కాగితం ఎక్కడుందో, అదేం చెబుతుందో మనకి తెలిసి ఉండాలి.

పెట్టెలో ఏముంది?

ప్రతి పల్లెలో సంఘానికి ఒక పెట్టె ఉంటుంది. అది ట్రంకుపెట్టె కావచ్చు, యూరియా సంచి కావచ్చు, పెద్దమనిషి ఇంట్లో దూలానికి వేలాడే గుడ్డమూట కావచ్చు. అందులో ఏముంటాయి? డి-ఫారం పట్టాలు, శిస్తు రసీదులు, ఎమ్మార్వోకి పెట్టుకున్న దరఖాస్తుల నకళ్ళు, రిజిస్టరు పోస్టు రసీదులు, ఎఫ్.ఐ.ఆర్. కాపీలు, ఆస్పత్రి చీటీలు, కోర్టు సమన్లు, సంఘం మినిట్సు బుక్కు, చందా పుస్తకాలు, ఏప్రిల్ 14 కరపత్రాలు, పేపరు కటింగులు, ఊరేగింపు ఫోటోలు, పాటల నోటుబుక్కు, పాటల కేసెట్లు, పిల్లల కులం సర్టిఫికెట్లు. ఇప్పుడు వీటికి తోడు సెల్‌ఫోన్లలో ఫోటోలు, వీడియోలు.

అన్నీ ఉంటాయి. కానీ రేపు పొద్దున ఆఫీసులో విచారణ అంటే ఈ రాత్రి పెట్టె బోర్లించి దీపం పెట్టుకొని వెతుకుతాం. సగం దొరుకుతాయి, సగం దొరకవు. దొరికినవాటిలో కూడా 'ఇది ఏ కేసుదిరా' అని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం. ఎందుకంటే ఇన్నాళ్ళూ మన జాబితా ఒక మనిషి బుర్రలో ఉంది. ఆ మనిషి పోతే జాబితా పోతుంది. కాగితం మిగులుతుంది గానీ అదేం కాగితమో చెప్పే నోరు ఉండదు. పేరు తెలియని కాగితం చిత్తుకాగితం కిందే లెక్క. పొయ్యిలోకి పోవడానికి దానికి ఎంతోసేపు పట్టదు.

కరణం దఫ్తరం

పాతకాలం పెద్దలకు కరణం దఫ్తరం గుర్తుంటుంది. తెలంగాణలో పట్వారీ బస్తా అనేవాళ్ళు. ఊళ్ళో ఎకరం, సెంటు అన్నీ ఆ ఎర్రగుడ్డ మూటలో ఉండేవి. కరణం బలం ఏమిటి? కండబలం కాదు. ఏ సర్వే నెంబరు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆయనొక్కడికే తెలియడం. పట్టాదారు గడిలో మన పేరు ఉన్నా, అనుభవదారు గడిలో ఆసామి పేరు ఎక్కించేవాడు. మనకు ఎప్పటికో తెలిసేది. తెలిసినా చూపించమని అడిగే దారి లేదు.

1984లో ఆ వారసత్వ ఉద్యోగాలు రద్దు చేశారు. మూట పోయింది, ఆఫీసు బీరువా వచ్చింది. తర్వాత కంప్యూటరు వచ్చింది. తెలంగాణలో 2020లో ధరణి తెచ్చారు, 2025లో దాన్ని తీసేసి భూభారతి తెచ్చారు. పేర్లు మారినప్పుడల్లా గళ్ళు మారతాయి. గడి మారినప్పుడల్లా ఎవరిదో ఒకరి పేరు జారిపోతుంది. జారిపోయేది ఎవరి పేరో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అప్పుడు 'ఇదిగో, పాత అడంగల్లో మా తాత పేరు ఉంది' అని చూపించగలిగినవాడే నిలబడతాడు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2005 సమాచార హక్కు చట్టం పేరు చెబితే దరఖాస్తు పెట్టడం ఒక్కటే గుర్తొస్తుంది. ఆ చట్టంలో సెక్షను 4(1)(ఎ) చూడండి. ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన రికార్డులన్నిటికీ జాబితా, సూచిక తయారు చేసి, అడిగినవాళ్ళకు సులువుగా దొరికేలా ఉంచాలని అందులో ఉంది. అంటే జాబితా రాయడం గుమాస్తా దయ కాదు, చట్టం పెట్టిన బాధ్యత. 'ఫైలు కనపడటం లేదు' అని చెప్పే ఆఫీసరుని 'మీ జాబితాలో ఆ ఫైలు ఉందా, లేదా' అని అడగండి. ఆ ప్రశ్న అడగాలంటే ముందు మన జాబితా మన దగ్గర ఉండాలి గదా!

ఎప్పుడు? ఎక్కడ? ఎవరు?

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మనవాళ్ళని చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఉద్యమం చేసి ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. చనిపోయిన వేళ ఏది, దాడి జరిగిన చోటు ఏది, దాడి చేసినవాళ్ళు ఎవరు – ఇవి ప్రాసిక్యూషను రుజువు చెయ్యలేదని హైకోర్టు అన్నది.

దీనికి చుండూరు బాధితుల్ని తప్పుపట్టేవాడు మనిషి కాదు. కళ్ళముందు కన్నబిడ్డని నరుకుతుంటే గడియారం చూసుకునేదెవరు? రాయాల్సిన పని పోలీసులది. కానీ ఆ మూడు ప్రశ్నలు గుర్తుపెట్టుకోండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు. ఏ కాగితం మీద ఈ మూడూ లేవో ఆ కాగితం మన వైపు గట్టిగా మాట్లాడలేదు. మనం రాయబోయే జాబితాలో ముఖ్యమైన గళ్ళు ఇవే.

కారంచేడు చూడండి. 1985 జులై 17న ఆరుగురిని చంపారు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. అంటే 23 ఏళ్ళు. ఆనాడు పుట్టిన బిడ్డ పెద్దదై పెళ్ళి చేసుకునేంత కాలం. అంతకాలం కాగితం బతకాలి. కాగితంతో పాటు దాని అర్థం కూడా బతకాలి.

బాబాసాహెబ్ కాగితాల కథ కూడా మనం తెలుసుకోవాలి. 1956 డిసెంబరు 6న ఆయన పోయిన తర్వాత అచ్చుకాని రాతప్రతులు కోర్టు అధీనంలోకి పోయినై. మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనలు, ప్రసంగాలు సంపుటాలుగా వెయ్యడం మొదలుపెట్టింది 1979లో. వసంత్ మూన్ గారు సంపాదకుడిగా కూచొని ఆ కట్టలన్నీ విప్పి, ఏ కాగితం ఏ పుస్తకానిదో పోల్చుకోవాల్సి వచ్చింది. 'హిందూమతంలో చిక్కుప్రశ్నలు' పుస్తకం వెలుగు చూసింది 1987లో, అంటే ఆయన పోయిన 31 ఏళ్ళకి. 'వీసా కోసం ఎదురుచూపు' అని ఆయన తన చేత్తో రాసుకున్న అనుభవాలు 1990లో గానీ పుస్తకం కాలేదు. కొన్ని పుస్తకాలకు బాబాసాహెబ్ అనుకున్న అధ్యాయాల పట్టికలు దొరికినై, ఆ అధ్యాయాలన్నీ దొరకలేదు. ఇక్కడ ఒక విషయం గమనించండి. పట్టిక ఉంది కాబట్టి ఏవి పోయినయ్యో అయినా తెలిసింది. పట్టిక లేకపోతే పోయిన సంగతి కూడా తెలియదు. అంత పెద్దమనిషి కాగితాలకే ఆ గతి పడితే మన యూరియా సంచి సంగతి చెప్పాలా?

పది గళ్ళు

సరే, ఎట్లా రాయాలి? ఒక లాంగ్ నోటుబుక్కు కొనండి. గట్టి అట్ట ఉన్నది. రెండు పేజీలు కలిపి పది గళ్ళు గీయండి.

1995లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని డబ్లిన్ అనే ఊళ్ళో లైబ్రరీలవాళ్ళూ కంప్యూటర్లవాళ్ళూ కూచొని, పుస్తకమైనా ఫోటో అయినా పాట అయినా, దేనికైనా సరిపడే గళ్ళు కొన్ని అనుకున్నారు. తర్వాత అవి 15 గళ్ళుగా స్థిరపడినై. డబ్లిన్ కోర్ అంటారు. అట్లాంటి వివరాలను మెటాడేటా అంటారు. పేరు చూసి బెదరొద్దు. మిరపకాయల బస్తాకి కట్టే చీటీ లాంటిదే అది. చీటీ అంటే సరుకు కాదు. సరుకు ఏమిటి, ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది అని చెప్పే మాట. బస్తా విప్పకుండానే తెలుస్తుంది. మన పనికి పది గళ్ళు చాలు.

ఒకటి, నెంబరు. ఒకటి నుంచి వరసగా వెయ్యండి. భూమికి ఒక వరస, కేసులకి ఒక వరస అని విడగొట్టొద్దు. ఒకే కాగితం భూమిదీ అవుతుంది, కేసుదీ అవుతుంది. ఆ నెంబరే కాగితం వెనక మూల మీద మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్నుతో వద్దు. ఫోటో వెనక బాల్‌పెన్నుతో ఒత్తి రాస్తే ముందు ముఖం మీద గీత పడుతుంది.

రెండు, రకం. దరఖాస్తా, పట్టానా, ఫోటోనా, కేసెట్టా? అసలా, నకలా, జిరాక్సా? ఎన్ని పేజీలు? జిరాక్సుని అసలు అని రాసుకుంటే కోర్టులో పరువు పోతుంది.

మూడు, పేరు. కాగితం మీద ఏ పేరు ఉంటే ఆ పేరే. దిద్దొద్దు. పేరు లేకపోతే మనం పెట్టొచ్చు. కానీ అది చదరపు బ్రాకెట్లలో రాయాలి. ఇది లైబ్రరీల్లో పాత పద్ధతి. కాగితం చెప్పింది వేరు, మనం చెప్పింది వేరు అని చదివేవాడికి తేడా తెలియాలి. మిగతా గళ్ళకూ ఇదే నియమం.

నాలుగు, ఎవరు. ఇక్కడ ఆగి ఆలోచించండి. మన దరఖాస్తుల్లో చెప్పినవాళ్ళు ఒకరు, దస్తూరి ఇంకొకరిది, సంతకాలు మరొకరివి. ముగ్గుర్నీ రాయాలి. అడుగున వేలిముద్రలు ఉంటాయి, పక్కన 'నిశాని' అని ఉంటుంది. 'వేలిముద్రలు 20' అని రాసి ఊరుకోవద్దు. ఒక్కొక్క నిశాని ఎవరిదో రాయండి. చదువు రాకపోయినా ఆనాడు దొర మీద పెట్టిన దరఖాస్తుకి వేలు ఒత్తడం అంటే ప్రాణాన్ని ఒత్తినట్టే. ఆ తల్లికి, ఆ తండ్రికి పేరు లేకుండా చెయ్యడానికి మనమెవరం?

ఫోటోల్లో ఇదే సంగతి. ముందు వరసలో ఎడమ నుంచి కుడికి అని మగవాళ్ళ పేర్లన్నీ రాస్తారు, వెనక వరసలో 'తదితర మహిళలు' అంటారు. ఊరేగింపులో ముందు నడిచిందీ, లాఠీదెబ్బ తిన్నదీ ఆ తదితర మహిళలే. ఫలానావారి భార్య అని కాదు, ఆమె పేరుతో ఆమెని రాయండి.

ఐదు, తేదీ. ఇది అన్నిటికంటే కష్టమైన గడి. సంఘటన జరిగిన తేదీ వేరు, దరఖాస్తు రాసిన తేదీ వేరు, ఆఫీసు ముద్ర తేదీ వేరు. మూడూ ఉంటే మూడూ రాయండి. ఎన్ని రోజులు ఆలస్యం చేశారో ఆ తేడాలోనే కనపడుతుంది. కోస్తా, రాయలసీమ రెవెన్యూ కాగితాల్లో ఫసలీ ఉంటుంది. ఫసలీ జులై 1న మొదలై జూన్ 30తో అయిపోతుంది. ఫసలీకి 590 కలపండి. ఫసలీ 1400 అంటే 1990 జులై నుంచి 1991 జూన్ దాకా. తేదీ అసలే లేకపోతే ఖాళీ వదలొద్దు. పెద్దల్ని అడిగి [తుఫాను వచ్చిన ఏడాది, 1977] అని బ్రాకెట్లలో రాయండి.

తేదీదేముందిలే అనుకోకండి. అసైన్డు భూములు అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం వచ్చింది. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చన్నారు. మరుసటి ఏడాదే ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. ఆ సవరణ పేదవాడికి మేలా, రియల్ ఎస్టేటు వాడికి మేలా అన్నది నిన్న మాట్లాడుకున్నాం. ఈ పూటకి ఒక్కటే చూడండి. పట్టా ఏ తేదీది అన్న ఒక్క ముక్క మీద భూమి తలరాత నిలబడి ఉంది.

ఆరు, చోటు. ఊరు, పల్లె, సర్వే నెంబరు. పాత కాగితంలో తాలూకా అని ఉంటుంది, 1985లో మండలాలు వచ్చినై. జిల్లాలూ మారినై. చుండూరు గుంటూరు జిల్లాలో ఉండేది, కారంచేడు ప్రకాశంలో ఉండేది. 2022లో రెండూ బాపట్ల జిల్లాలోకి పోయినై. రేపు మన మనవడు గుంటూరు కాగితాల్లోనే వెతుకుతాడా, బాపట్లలో వెతుకుతాడా? కాగితం మీద ఉన్న జిల్లా రాయండి, పక్కన బ్రాకెట్లలో ఇప్పటి జిల్లా రాయండి.

ఏడు, దేని గురించి. దీని గురించి కాసేపట్లో చెబుతాను.

ఎనిమిది, ఎవరిచ్చారు, అసలు ఎక్కడుంది. ఒక పెద్దాయన కట్ట తెచ్చి ఇస్తే దాన్ని విప్పి రకాలవారీగా కలిపెయ్యొద్దు. ఆయన కట్టిన వరసలో కూడా అర్థం ఉంటుంది. దరఖాస్తు వెనక రసీదు, రసీదు వెనక జవాబు. ఆ వరస చెడగొడితే మళ్ళీ కట్టలేం. పట్టా అసలు ఎవరిదైతే వాళ్ళింట్లోనే ఉండనివ్వండి. సంఘానికి కావాల్సింది నకలు, అసలు ఎవరింట్లో ఉందన్న మాట.

తొమ్మిది, దీనికి సంబంధించిన ఇంకో కాగితం. దరఖాస్తు 47 అయితే దాని పోస్టు రసీదు 48, సర్వేయరు రిపోర్టు 52, ఆ స్థలం ఫోటో 110 అని ఒకదాని గడిలో ఇంకొకటి రాయండి. విడిగా ఉన్న కాగితం కూలీ లాంటిది. ఒకదానికొకటి కట్టిన కాగితాలు సంఘం లాంటివి.

పది, ఎవరు చూడొచ్చు. దీని గురించీ చెబుతాను.

నమూనాకి ఒకటి చెబుతాను, రాసుకోండి. ఇది ఏ ఊరిదీ కాదు, నేర్చుకోవడానికి కల్పించింది:

నెం. 47. – దరఖాస్తు, కార్బన్ నకలు, 2 పేజీలు. – పేరు: 'హరిజనవాడ శ్మశానము ఆక్రమణ గురించి'. – ఎవరు: పల్లెవాసులు 31 మంది (సంతకాలు 9, నిశానీలు 22, పేర్లు వెనక పేజీలో), [దస్తూరి అప్పటి సంఘం కార్యదర్శిది]. – తేదీ: కాగితం మీద లేదు, ఆఫీసు ముద్ర 12–3–1994. – చోటు: ఊరి తూర్పు పోరంబోకు, సర్వే నెంబరు ఉంది. – దేని గురించి: శ్మశానం, భూమి ఆక్రమణ, మాదిగపల్లె. – ఇచ్చింది: మాజీ వార్డు మెంబరు, అసలు ఎమ్మార్వో ఆఫీసులో. – సంబంధం: 48, 52, 110. – అందరూ చూడొచ్చు.

ఇంతే. నిమిషంలో చదువుతాం. ఈ నిమిషం కోసమే మనం రాత్రంతా పెట్టె బోర్లిస్తున్నాం.

ఏ మాటతో పిలవాలి?

ఇప్పుడు ఏడో గడికి వద్దాం. అసలు రాజకీయం అంతా ఇక్కడే ఉంది.

మన మీద దాడి జరిగితే పోలీసు కాగితంలో 'ఇరువర్గాల ఘర్షణ' అని ఉంటుంది. పేపరులో 'పాతకక్షలు' అని ఉంటుంది. మూడో గడిలో ఆ మాటలే ఎక్కించండి, ఎందుకంటే వాళ్ళు ఏం రాశారన్నది కూడా సాక్ష్యమే. కానీ ఏడో గడిలో మన మాట రాయండి: 'కులదాడి'. 'మంచినీళ్ళ బావి'. 'కూలిరేటు'. 'చెప్పులేసుకొని నడిచినందుకు'. వాళ్ళ మాటని చెరపొద్దు, మన మాటని దాచొద్దు. రెండూ పక్కపక్కన ఉంటే చదివేవాడికి అన్యాయం తెలిసిపోతుంది.

మన పేర్ల సంగతీ అంతే. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ గారి అధ్యక్షతన సభ జరిగింది. పంచమ సభ అని పిలిచారు. అక్కడే మనవాళ్ళు మేం పంచములం కాదు, ఆది ఆంధ్రులం అన్నారు. నైజాంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులని రాయించుకున్నారు. తర్వాత గాంధీగారి హరిజన వచ్చింది, సర్కారువారి షెడ్యూల్డు కులాలు వచ్చింది, మన దళిత వచ్చింది. నూరేళ్ళలో మనుషులు వాళ్ళే, పేర్లు ఆరు. పిల్లవాడు 'దళిత' అని వెతికితే 1925 నాటి 'ఆది ఆంధ్ర' కాగితం దొరకదు. అందుకని నోటుబుక్కు చివర రెండు పేజీలు వదిలి మాటల పట్టిక రాయండి: 'పంచమ – దళిత చూడుము', 'ఆది ఆంధ్ర – దళిత చూడుము', 'పేట, వాడ, గూడెం – పల్లె చూడుము'. లైబ్రరీల్లో చూడుము కార్డులు అంటారు వీటిని.

అయితే దళిత అని ఒక్క మాట రాసి ఊరుకుంటే కూడా అన్యాయమే. మాల, మాదిగ, రెల్లి, డక్కలి – ఏ పల్లె కాగితమో ఆ పేరు రాయాలి. 1994లో దండోరా మొదలైన నాటి నుంచి మనలో మనకి వాదం ఉంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెయ్యొచ్చని తీర్పు ఇచ్చింది. ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ పెట్టె దగ్గర పక్షపాతం పనికిరాదు. దండోరా కరపత్రం, దానికి జవాబుగా మాలలు వేసిన కరపత్రం రెండూ ఉండాలి, రెండింటికీ నెంబరు పడాలి. నచ్చని కాగితాన్ని చించేస్తే కరణానికీ మనకీ తేడా ఏముంది?

ఒక కాగితానికి ఒకే విషయం ఉండాలని లేదు. మద్రాసులో లైబ్రేరియనుగా పనిచేసిన రంగనాథన్ గారు 1933లోనే ఒక పద్ధతి చెప్పారు. ఒక పుస్తకానికి చాలా ముఖాలుంటాయి, అన్నిటినీ విడివిడిగా గుర్తుపట్టి ఆ తర్వాత కలపాలని. ఒక కూలి తల్లి మీద పొలంలో జరిగిన దాడి భూమి విషయం, కూలి విషయం, స్త్రీ విషయం, పోలీసు విషయం. నాలుగూ రాయండి. ఏ తలుపు తట్టినా ఆమె కాగితం దొరకాలి.

అందరికీ చూపించరానివి

పదో గడి. కొంతమంది సూటిగా అడుగుతున్నారు: 'ఇట్లా అన్నీ రాసిపెడితే రేపు పోలీసులు ఆ నోటుబుక్కు పట్టుకుపోతే?' ఇది పిరికి ప్రశ్న కాదు, అనుభవం ఉన్నవాళ్ళ ప్రశ్న. జాబితా రెండంచుల కత్తే. అందుకని కొన్ని నియమాలు పెట్టుకుందాం.

అత్యాచారానికి గురైన ఆడపిల్ల పేరు, ఊరు, గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదు. పాత ఐ.పి.సి.లో 228-ఎ, 2024 జులై నుంచి కొత్త న్యాయసంహితలో సెక్షను 72, రెండూ అదే చెబుతున్నాయి. జాబితాలో నెంబరు, రకం, 'మూసి ఉంచినది' అని మాత్రం రాయండి. కులాంతర పెళ్ళి చేసుకొని దాక్కున్న జంట చిరునామా రాయొద్దు. సాక్షులు ఎక్కడుంటున్నారో రాయొద్దు. ఆధార్ నెంబర్లు, బ్యాంకు నెంబర్లు ఎక్కించొద్దు. నోటుబుక్కు మూడు కాపీలు చెయ్యండి: ఒకటి పల్లెలో, ఒకటి పక్క ఊరి సంఘంలో, ఒకటి మండలంలో.

పరిశోధన అని, సినిమా అని, పార్టీ అని వచ్చి 'అన్నా, రెండు రోజుల్లో ఇస్తా' అంటారు. అసలు ఇవ్వొద్దు. జిరాక్సు ఇవ్వండి, ఎవరికిచ్చారో రాసి సంతకం తీసుకోండి. మన పాట కేసెట్టు పట్నం పోయి పాడినవాడి పేరు లేకుండా తిరిగొచ్చిన సందర్భాలు మీకు తెలుసు. నాలుగో గడిలో పాట కట్టినవాడి పేరు మనం రాసిపెట్టి ఉంటే ఆ దొంగతనం కుదరదు.

పని మొదలుపెట్టడం

భద్రం గురించి నాలుగు ముక్కలు. కాగితాన్ని లామినేషను చేయించొద్దు, తర్వాత తియ్యలేం, వేడికి కాగితం చెడుతుంది. చిరిగినచోట సెల్లోటేపు వెయ్యొద్దు, ఏళ్ళు గడిస్తే పసుపు మరక పడి అక్షరం తినేస్తుంది. గుండుసూదులు, పిన్నులు తుప్పు పడతాయి, తీసేసి నూలుదారంతో కట్టండి. పెట్టె నేల మీద పెట్టొద్దు, చెదలు పడతాయి. పొయ్యి దగ్గరా పెట్టొద్దు.

ఫోనులో ఫోటో తీసుకోండి, మంచిదే. కానీ వాట్సాప్‌లో పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది. ఫోను తనంతట తను ఫోటోలో దాచుకునే తేదీ, చోటు వివరాలు కూడా పోతాయి. కాబట్టి అసలు ఫోటో వేరే మెమరీకార్డులోకి ఎక్కించి, దానికి పేరు పెట్టండి. ముందు ఏడాది, తర్వాత నెల, రోజు, తర్వాత జాబితా నెంబరు. అట్లా పెడితే అవే వరసలో నిలబడతాయి. నోటుబుక్కు మాత్రం మానొద్దు. ఫోను నీళ్ళల్లో పడుతుంది, పుస్తకం పడినా ఆరబెట్టుకోవచ్చు.

ఈ పనికి ఇద్దరు కావాలి. చదవగలిగిన పిల్ల ఒకరు, గుర్తున్న ముసలమ్మ ఒకరు. ఒకరికి అక్షరం తెలుసు, ఒకరికి అర్థం తెలుసు. వారానికి ఒక ఆదివారం, రెండు గంటలు, పాతిక కాగితాలు. అంతకంటే వద్దు, విసుగొస్తుంది. మూడు నెలల్లో మూడొందల కాగితాలవుతాయి. ముందు ఫోటోలు, పాటలు పట్టుకోండి. పట్టా మీద అక్షరం ఉంటుంది, అది ఆగుతుంది. ఫోటోలో ఉన్నది ఎవరో చెప్పే మనుషులు ఆగరు.

ఎఫ్.ఐ.ఆర్. కాపీ విషయం మర్చిపోవద్దు. 1995 నాటి అత్యాచారాల నిరోధక నియమాల్లో 5వ నియమం ప్రకారం ఫిర్యాదు ఇచ్చినవాళ్ళకి దాని నకలు వెంటనే, డబ్బు లేకుండా ఇవ్వాలి. తెచ్చుకున్న రోజే నెంబరు వెయ్యండి. పాతవాటి పని తర్వాతైనా చెయ్యొచ్చు, కొత్త కాగితం మాత్రం పేరు లేకుండా పెట్టెలోకి పోకూడదు.

మిత్రులారా! వేల ఏళ్ళు మనల్ని చదవనివ్వలేదు, రాయనివ్వలేదు. మన గురించి వాళ్ళే రాశారు, వాళ్ళకి నచ్చిన పేరు పెట్టారు, వాళ్ళ మూటలో కట్టుకున్నారు. ఇప్పుడు కలం మన పిల్లల చేతికి వచ్చింది. వచ్చే ఏప్రిల్ 14కి దండలతో పాటు ప్రతి పల్లె తన నోటుబుక్కు తెచ్చి సభలో పెట్టాలి. ఎన్ని కాగితాలు ఎక్కినయ్యో అక్కడ చదివి వినిపిద్దాం. పది కాగితాలే అయినా సరే తీసుకురండి.

జై భీమ్!